డీవీడీ నుంచి వీడియో ఫైలుకు: ఉచిత సాఫ్ట్‌వేర్ ఎంచుకునే పద్ధతి

డీవీడీలో ఉన్న వీడియోను కంప్యూటర్‌లో, ఫోన్‌లో, టీవీలో నేరుగా ఆడే ఫైలుగా మార్చడానికి డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనాల్సిన పనిలేదు. కావలసినవన్నీ చాలా ఏళ్లుగా ఉచితంగానే దొరుకుతున్నాయి. చిక్కంతా ఎంపికలోనే. ఇంటర్నెట్‌లో వెతికితే పదుల కొద్దీ పేర్లు వస్తాయి, ప్రతి ఒక్కటీ తానే మేలని చెప్పుకుంటుంది. ‘అన్నిటికన్నా మంచిది ఏది?’ అని అడిగితే జవాబు తేలదు. చేతిలో ఉన్నది ఎలాంటి డిస్కు, దాంతో ఏం అవసరం అని అడిగితే మాత్రం జాబితా రెండు మూడు పేర్లకు తగ్గిపోతుంది.

తెలుగు ఇళ్లలో ఈ అవసరం ఎక్కువగా పెళ్లి డిస్కులతోనే వస్తుంది. క్యాసెట్ల కాలం పోయి పెన్‌డ్రైవ్‌ల కాలం వచ్చేదాకా ఫొటో స్టూడియోలు పెళ్లి, ఓణీల ఫంక్షన్, గృహప్రవేశం వీడియోలను డీవీడీల్లోనే ఇచ్చాయి. ఇప్పుడొచ్చే ల్యాప్‌టాప్‌లలో దాదాపు వేటికీ డిస్కు డ్రైవ్ ఉండదు, యూఎస్‌బీకి తగిలించే విడి డ్రైవ్ తెచ్చుకోవాలి. ఈ మొత్తం పనిలో తప్పనిసరి ఖర్చు అదొక్కటే.

డిస్కులో ఏముంటుంది

డీవీడీ ప్రమాణం 1995లో ఖరారైంది. 1996 నవంబరులో మొదటి ప్లేయర్లు జపాన్‌లో అమ్మకానికి వచ్చాయి. ఒక పొర డిస్కులో 4.7 జీబీ, రెండు పొరల డిస్కులో 8.5 జీబీ పడుతుంది. డిస్కును కంప్యూటర్‌లో తెరిస్తే ‘వీడియో టీఎస్’ అనే ఫోల్డర్ కనిపిస్తుంది. అందులోని వీఓబీ ఫైళ్లలో బొమ్మ, శబ్దం, సబ్‌టైటిళ్లు కలిసి ఉంటాయి. ఏ భాగం ఎక్కడ మొదలవుతుంది, ఏది దేని తర్వాత రావాలి అన్న వివరం ఐఎఫ్‌ఓ ఫైళ్లలో ఉంటుంది. బీయూపీ ఫైళ్లు ఐఎఫ్‌ఓలకు నకళ్లు.

ఒక్కో వీఓబీ ఫైలు 1 జీబీకి మించకూడదన్నది నియమం. అందుకే గంట సేపటి పెళ్లి వీడియో నాలుగైదు ముక్కలుగా కనిపిస్తుంది. ఆ ముక్కలను కాపీ చేసి, పేరు చివరన వీఓబీ తీసేసి ఎంపీజీ అని మార్చుకోవడం చాలామంది చేసే అడ్డదారి. ఒక్కోసారి ఫైలు ఆడుతుంది. కానీ ముక్కలు సన్నివేశాన్ని బట్టి తెగవు, సైజును బట్టి తెగుతాయి. మంత్రం మధ్యలో ఒక ఫైలు ఆగిపోయి మరొకటి మొదలవుతుంది. ముందుకు జరిపితే సమయం తప్పు చూపుతుంది. కాబట్టి ఎంచుకునే సాఫ్ట్‌వేర్ వీఓబీలతో పాటు ఐఎఫ్‌ఓను కూడా చదవగలగాలి. ఇది మొదటి అర్హత.

వీడియో ఎంపెగ్-2 పద్ధతిలో కుదించి ఉంటుంది. మన దేశంలో స్టూడియోలు వాడినది పాల్ పద్ధతి: 720 అడ్డు, 576 నిలువు చుక్కల బొమ్మ, సెకనుకు 25 ఫ్రేములు. అమెరికా, జపాన్‌ల ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో నిలువు 480 చుక్కలు, సెకనుకు 29.97 ఫ్రేములు. వీడియోకు సెకనుకు 9.8 మెగాబిట్ల వరకే అనుమతి ఉంది. సగటున 8 మెగాబిట్లతో రాస్తే 4.7 జీబీ డిస్కులో 78 నిమిషాలు పడుతుంది. రోజంతా తీసిన పెళ్లి రెండు మూడు డిస్కులు కావడానికి కారణం ఈ లెక్కే.

డిస్కులోని వీడియో ‘టైటిళ్లు’గా, ఒక్కో టైటిల్ ‘చాప్టర్లు’గా విడగొట్టి ఉంటుంది. మెనూలో స్నాతకం, జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, అప్పగింతలు అని వరుసగా కనిపించినా, అవి ఒకే టైటిల్‌లోని చాప్టర్లు కావచ్చు, విడివిడి టైటిళ్లు కావచ్చు. ఈ తేడా తర్వాత పనికొస్తుంది.

చేతిలో ఉన్నది ఏ డిస్కు

ఇళ్లలో దొరికే డిస్కులు ప్రధానంగా నాలుగు రకాలు.

మొదటిది స్టూడియో రాసిచ్చిన డీవీడీ-ఆర్. కింది వైపు ఊదా రంగు ఛాయ ఉంటుంది. దీనికి తాళం ఉండదు, ప్రాంతాల పట్టింపు ఉండదు. ఏ సాఫ్ట్‌వేర్ అయినా నేరుగా చదువుతుంది.

రెండోది సినిమా కంపెనీ అచ్చువేసిన డీవీడీ. కింది వైపు వెండి రంగులోనో, రెండు పొరలుంటే లేత బంగారు రంగులోనో మెరుస్తుంది. వీటిలో చాలావాటికి సీఎస్ఎస్ అనే తాళం వేసి ఉంటుంది. కొన్నింటికి ప్రాంత సంఖ్య కూడా ఉంటుంది: అమెరికా, కెనడాలది 1, భారతదేశానిది 5. కంప్యూటర్ డ్రైవ్‌లో ఈ సంఖ్యను ఐదు సార్లకు మించి మార్చడానికి వీలుండదు. అమెరికా నుంచి తెచ్చిన డిస్కు కోసం ఒకసారి, ఇక్కడి డిస్కు కోసం ఒకసారి మారుస్తూ పోతే డ్రైవ్ చివరి సంఖ్య దగ్గరే నిలిచిపోతుంది.

మూడోది హ్యాండీక్యామ్ నేరుగా రాసిన 8 సెంటీమీటర్ల చిన్న డిస్కు. ఇందులో 1.4 జీబీ పడుతుంది. చిత్రీకరణ అయ్యాక కెమెరాలోనే ‘ఫైనలైజ్’ చేసి ఉంటేనే కంప్యూటర్ దాన్ని గుర్తిస్తుంది. చేయని డిస్కు ఖాళీదన్నట్టు కనిపిస్తుంది. అది చూసి పారేయకూడదు. అదే కెమెరానో, అదే మోడల్‌నో సంపాదించి ఫైనలైజ్ చేస్తే వీడియో బయటికొస్తుంది. ఈ చిన్న డిస్కును సన్నటి సందులోంచి లోపలికి లాక్కునే డ్రైవ్‌లో పెట్టకూడదు, ఇరుక్కుంటుంది. ట్రే బయటికొచ్చే డ్రైవ్‌లోనే పెట్టాలి.

నాలుగోది వీసీడీ. చూడటానికి డీవీడీలాగే ఉన్నా ఇది సీడీ. తెరిస్తే వీడియో టీఎస్‌కు బదులు ‘ఎంపెగ్ ఏవీ’ ఫోల్డర్, అందులో డాట్ ఫైళ్లు ఉంటాయి. బొమ్మ 352 అడ్డు, 288 నిలువు చుక్కలే. డీవీడీ సాఫ్ట్‌వేర్లు చాలావరకు వీసీడీ డిస్కును గుర్తించవు. డాట్ ఫైలును కాపీ చేసుకుని, తర్వాత వివరించే ఉచిత సాఫ్ట్‌వేర్లు వీఎల్‌సీలోనో, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లోనో తెరవడం దీనికి మార్గం.

కావలసింది నకలా, మార్పిడా

‘కన్వర్ట్ చేయడం’ అన్న ఒక్క మాట కింద రెండు వేర్వేరు పనులు ఉన్నాయి. ఒకటి నకలు తీయడం: డిస్కులోని ఎంపెగ్-2 వీడియోను ముట్టుకోకుండా ఉన్నదున్నట్టు హార్డ్‌డిస్క్‌లోకి తేవడం. నాణ్యత ఆవగింజంత కూడా తగ్గదు, సైజు కూడా తగ్గదు. రెండోది కుదింపు: ఆ వీడియోను విప్పి, హెచ్.264 వంటి కొత్త పద్ధతిలో మళ్లీ కట్టడం. సైజు బాగా తగ్గుతుంది, ఫోన్‌లోనూ టీవీలోనూ ఆడుతుంది, నాణ్యత మాత్రం ఎంతో కొంత పోతుంది. సెట్టింగులు సరిగ్గా ఉంటే ఆ నష్టం కంటికి కనిపించదు. తప్పుగా ఉంటే బాగా కనిపిస్తుంది, తర్వాత దిద్దడానికి వీలుండదు.

మళ్లీ దొరకని వీడియోకు రెండూ చేయడం క్షేమం. ముందు నకలు తీసి భద్రపరచాలి, ఆ నకలు నుంచి చూసుకునే ఫైలు తయారు చేయాలి. ఫైలు బాగా రాకపోతే డిస్కు జోలికి వెళ్లకుండా నకలు నుంచే మళ్లీ చేసుకోవచ్చు. స్థలం గురించి వెనకాడాల్సిన అవసరం లేదు. 1 టీబీ హార్డ్‌డిస్క్‌లో 4.7 జీబీ డిస్కులు నిండుగా ఉన్నవే 200కు పైగా పడతాయి.

తాళం లేని డిస్కుకు నకలు తీయడానికి అసలు ప్రత్యేక సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. వీడియో టీఎస్ ఫోల్డర్‌ను మొత్తంగా హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేస్తే చాలు. డిస్కు మొత్తాన్ని ఐఎస్ఓ అనే ఒకే ఫైలుగా కూడా చేసుకోవచ్చు. మ్యాక్‌లో డిస్క్ యుటిలిటీ, లైనక్స్‌లో గ్నోమ్ డిస్క్స్ ఇలాంటి నకలు ఫైలును తయారు చేస్తాయి. మెనూ, చాప్టర్లు, పాటలు అన్నీ అందులో ఉంటాయి, వీఎల్‌సీలో తెరిస్తే డిస్కు పెట్టినట్టే ఆడుతుంది.

‘ఉచితం’ ఎన్ని రకాలు

ఉచితమని చెప్పే సాఫ్ట్‌వేర్లన్నీ ఒక తీరువి కావు. వీటిని నాలుగు వర్గాలుగా చూస్తే మోసపోయే అవకాశం తగ్గుతుంది.

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మొదటి వర్గం. మూల కోడ్ బహిరంగంగా ఉంటుంది, ఎవరైనా పరిశీలించవచ్చు. గడువు, వాటర్‌మార్క్ ఏవీ ఉండవు. హ్యాండ్‌బ్రేక్, వీఎల్‌సీ, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఈ వర్గంలోవి. రెండో వర్గంలో కోడ్ మూసి ఉంచి, వాడకానికి మాత్రం డబ్బు అడగనివి ఉంటాయి. బీటా దశలో ఉన్నంతకాలం ఉచితమని చెప్పే మేక్‌ఎంకేవీని ఇందులో చేర్చవచ్చు. మూడో వర్గం ట్రయల్. దించుకోవడం ఉచితం, పని పూర్తిచేయడానికి డబ్బు. మొదటి ఐదు నిమిషాలే మార్చి ఆపేయడం, బొమ్మ నడుమ కంపెనీ పేరు అచ్చువేయడం వీటి తీరు. నాలుగో వర్గం ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వెంట వేరే ప్రోగ్రాములను దించేవి. ‘నెక్స్ట్’ నొక్కుతూ పోతే బ్రౌజర్ హోంపేజీ మారిపోవడం, ప్రకటనలు మొదలవడం వీటి ఫలితం.

ఒక సాఫ్ట్‌వేర్ ఏ వర్గానిదో తెలుసుకోవడానికి దాని సొంత సైటులో లైసెన్స్ పేజీ చూస్తే సరిపోతుంది. జీపీఎల్ వంటి లైసెన్స్ పేరు ఉంటే మొదటి వర్గం. ‘ఫ్రీ డౌన్‌లోడ్’ పక్కనే ‘బై నౌ’ బొత్తాం ఉంటే చాలావరకు మూడో వర్గం.

ఎక్కడి నుంచి దించుకుంటున్నామన్నదీ అంతే ముఖ్యం. పేరున్న ఉచిత సాఫ్ట్‌వేర్లకు నకిలీ సైట్లు ఉంటాయి, వెతికినప్పుడు ప్రకటనల రూపంలో అసలు సైటు కన్నా పైన కనిపిస్తాయి. హ్యాండ్‌బ్రేక్ అసలు చిరునామా డాట్ ఎఫ్‌ఆర్‌తో, వీఎల్‌సీని తయారుచేసే వీడియోల్యాన్ చిరునామా డాట్ ఓఆర్‌జీతో ముగుస్తాయి. ఒక్కోసారి అసలు సైటుకూ ముప్పు తప్పదు. 2017 మే 2 నుంచి 6 దాకా హ్యాండ్‌బ్రేక్ డౌన్‌లోడ్ సర్వర్లలో ఒకదాన్ని దుండగులు చేజిక్కించుకుని, మ్యాక్ వెర్షన్ స్థానంలో ప్రోటాన్ అనే ట్రోజన్ కలిపిన ఫైలు పెట్టారు. ఇలాంటివి పట్టుకోవడానికే సైటులో చెక్‌సమ్ అనే పొడవాటి సంఖ్య ఇస్తారు. దించుకున్న ఫైలుకు వచ్చే సంఖ్య దానితో అక్షరం పొల్లు పోకుండా సరిపోవాలి.

ఆన్‌లైన్‌లో మార్చిపెట్టే సైట్లు ఈ పనికి పనికిరావు. 4 జీబీ వీడియో అప్‌లోడ్ కావడానికే గంటలు పడుతుంది. ఇంటి ఆడపిల్లల, పిల్లల వీడియో ముక్కూమొహం తెలియని సర్వర్‌లోకి వెళ్తుంది.

ఏ పనికి ఏ సాఫ్ట్‌వేర్

హ్యాండ్‌బ్రేక్ కుదింపు పనికి మొదటి ఎంపిక. ఎరిక్ పెటీ అనే ప్రోగ్రామర్ 2003లో దీన్ని బీఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం రాశాడు. పదమూడేళ్ల తర్వాత, 2016 డిసెంబరు 24న 1.0 వెర్షన్ వచ్చింది. ఇప్పుడు విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది. డిస్కునైనా, వీడియో టీఎస్ ఫోల్డర్‌నైనా, ఐఎస్ఓనైనా తెరిచి ఎంపీ4గా, ఎంకేవీగా మారుస్తుంది. ముందే సిద్ధం చేసిన ప్రీసెట్లు ఉంటాయి కాబట్టి కొత్తవారికి కూడా ఇబ్బంది ఉండదు. తెరిచిన వెంటనే అది ప్రధానమనుకున్న ఒక్క టైటిల్‌నే చూపుతుంది. పెళ్లి డిస్కులో ఒక్కో తంతు ఒక్కో టైటిల్‌గా ఉంటే, ఆ ఒక్కటే మార్చి మిగతావి వదిలేసే ప్రమాదం ఇక్కడే ఉంది. టైటిళ్ల జాబితా విప్పి, అన్నిటినీ క్యూలో చేర్చాలి. టైటిళ్లను ఒకటిగా కలపడం దీనికి రాదు. తాళం వేసిన డిస్కును తనంతట తాను తెరవదు.

మేక్‌ఎంకేవీ నకలు పనికి తగినది. ఒక్కో టైటిల్‌ను ఒక్కో ఎంకేవీ ఫైలుగా, కుదించకుండా, చాప్టర్లతో సహా ఇస్తుంది. సాధారణంగా డిస్కు చదవడానికి పట్టే సమయమే దీనికీ పడుతుంది. తాళం ఉన్న డిస్కులను కూడా చదువుతుంది, దాని చట్టపరమైన సంగతి తర్వాత వస్తుంది. మొదట్లో ఉండే సెట్టింగు ప్రకారం 120 సెకన్ల కన్నా చిన్న టైటిళ్లను ఇది వదిలేస్తుంది. సినిమా డిస్కుల్లోని ప్రకటన ముక్కలను తప్పించడానికి పెట్టిన ఏర్పాటిది. స్టూడియో వారు విడిగా పెట్టిన నిమిషంన్నర హైలైట్స్ కూడా అలాగే ఎగిరిపోతాయి. పని మొదలుపెట్టే ముందు ఈ సంఖ్య తగ్గించుకోవాలి. వచ్చే ఫైలులో ఎంపెగ్-2 వీడియోనే ఉంటుంది కాబట్టి చాలా ఫోన్లలో నేరుగా ఆడదు, వీఎల్‌సీలో ఆడుతుంది.

వీఎల్‌సీ ఫ్రాన్స్‌లోని ఎకోల్ సెంట్రాల్ ప్యారిస్ విద్యార్థులు 1996లో మొదలుపెట్టిన ప్రాజెక్టు నుంచి పుట్టింది. డీవీడీని ఫైలుగా మార్చే సౌకర్యం ఇందులోనూ ఉంది, కానీ పురోగతి స్పష్టంగా తెలియదు, సెట్టింగులు అడుగున దాగి ఉంటాయి, టైటిళ్లన్నీ ఒకేసారి మార్చడానికి అనువుగా ఉండదు. డిస్కులో ఏముందో చూసుకోవడానికి, తయారైన ఫైలును పరీక్షించడానికి దీన్ని వాడుకోవడం మేలు.

ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌ను ఫాబ్రిస్ బెల్లార్ 2000లో మొదలుపెట్టాడు. హ్యాండ్‌బ్రేక్, వీఎల్‌సీలతో సహా ఎన్నో వీడియో సాఫ్ట్‌వేర్లు లోపల దీని భాగాలనే వాడుకుంటాయి. బొత్తాములు ఉండవు, ఆదేశాలు టైప్ చేయాలి. ఒకటి రెండు డిస్కులకు ఇంత కష్టం అక్కర్లేదు. వందల డిస్కులను ఒకే పద్ధతిలో మార్చాల్సిన స్టూడియోకో, గ్రంథాలయానికో ఇదే సరైనది.

వీటి పక్కన ఉంచుకోదగ్గవి మరో రెండు. ఎంకేవీటూల్‌నిక్స్ ముక్కలను తిరిగి కుదించకుండా ఒకే ఎంకేవీగా అతుకుతుంది. అవిడెమక్స్ అనవసర భాగాలను కత్తిరిస్తుంది. పాత సలహాల్లో కనిపించే డీవీడీ ష్రింక్, డీవీడీ డిక్రిప్టర్‌ల అభివృద్ధి 2005 నాటికే ఆగిపోయింది. వాటి పేరుతో ఇప్పుడు దొరికే ఫైళ్లు ఎవరు పెట్టినవో చెప్పలేం కాబట్టి దూరంగా ఉండటం మంచిది.

ఫలితాన్ని నిర్ణయించే సెట్టింగులు

హ్యాండ్‌బ్రేక్‌లో పాల్ డిస్కుకు ‘ఫాస్ట్ 576పీ25’ ప్రీసెట్‌తో మొదలుపెట్టవచ్చు, ఎన్‌టీఎస్‌సీ అయితే ‘ఫాస్ట్ 480పీ30’. ఆపైన చూడాల్సినవి ఐదు.

మొదటిది నాణ్యత సంఖ్య, అంటే ఆర్‌ఎఫ్. ఇది తగ్గేకొద్దీ నాణ్యత, సైజు పెరుగుతాయి. డీవీడీ స్థాయి వీడియోకు 18 నుంచి 22 మధ్య ఉండాలని హ్యాండ్‌బ్రేక్ బృందమే సూచిస్తుంది. భద్రపరచుకునే పెళ్లి వీడియోకు 18 లేదా 19, ఊరికే చూసుకునేదానికి 21 సరిపోతాయి. సెకనుకు 1.5 మెగాబిట్లు వస్తే గంట వీడియో 675 ఎంబీ అవుతుంది. రాత్రిపూట తక్కువ వెలుగులో తీసిన ఊరేగింపులో బొమ్మంతా గరుకు చుక్కలు ఉంటాయి కాబట్టి అదే సంఖ్యకు సైజు ఇంకా పెరుగుతుంది. ఒక్కో వీడియోకు ఒక్కో సైజు రావడం లోపం కాదు.

రెండోది ఇంటర్‌లేసింగ్. పాత వీడియో కెమెరాలు ఒక్కో ఫ్రేమును రెండు సగాలుగా, సరి గీతలు ఒకసారి, బేసి గీతలు ఒకసారి తీసేవి. అంటే సెకనుకు 50 సగాలు. గొట్టం టీవీలో ఇది తేడా తెలియకుండా ఆడేది. కంప్యూటర్ తెర మీద రెండు సగాలు ఒకేసారి కనబడటంతో కదిలేవాటి అంచులు దువ్వెన పళ్లలా చీలిపోతాయి. తలంబ్రాల ఘట్టంలో వీడియోను ఆపి చూస్తే ఇది తేటగా తెలుస్తుంది. పీటల మీది పెద్దలు స్పష్టంగానే ఉంటారు, పైకి లేచిన వధువు చేతులు, గాజులు, జారుతున్న బియ్యం మాత్రం అడ్డగీతలుగా విడిపోతాయి. దీన్ని సరిచేయకుండా కుదిస్తే ఆ గీతలు శాశ్వతంగా బొమ్మలో ఉండిపోతాయి.

హ్యాండ్‌బ్రేక్ ఫిల్టర్లలో డీకోంబ్, యాడిఫ్, బీడబ్ల్యూడిఫ్ ఇందుకే ఉన్నాయి. ప్రీసెట్‌లో ఉండే డీకోంబ్ గీతలు ఉన్న ఫ్రేములను కనిపెట్టి వాటినే సరిచేస్తుంది, ఫలితం సెకనుకు 25 ఫ్రేములు. డాన్సులు, ఊరేగింపు వంటి వేగమైన కదలిక సహజంగా రావాలంటే ‘బాబ్’ ఎంచుకుని, ఫ్రేమ్ రేటును 50కి పెంచాలి. అప్పుడు ఒక్కో సగం ఒక్కో పూర్తి ఫ్రేము అవుతుంది. ఫైలు కొంత పెరుగుతుంది, పాత టీవీలో చూసిన కదలిక తిరిగి వస్తుంది.

మూడోది ఆకారం. డీవీడీలో చుక్కలు చదరంగా ఉండవు. 720, 576 చుక్కల అదే బొమ్మ పాత టీవీ 4:3 ఆకారంలోనూ, వెడల్పు 16:9 ఆకారంలోనూ ఆడగలదు, ఎలా ఆడాలో డిస్కులో రాసి ఉంటుంది. హ్యాండ్‌బ్రేక్‌లో అనామార్ఫిక్ సెట్టింగును ‘ఆటోమేటిక్’గా వదిలేస్తే ఆ రాతను పాటిస్తుంది. చేత్తో కొలతలు మారిస్తే మనుషులు సన్నగానో లావుగానో సాగిపోతారు. 1080కి పెంచడం వల్ల లేని వివరం రాదు, ఫైలు మాత్రమే ఉబ్బుతుంది.

నాలుగోది శబ్దం. పెళ్లి డిస్కుల్లో మామూలుగా రెండు ఛానెళ్ల శబ్దమే ఉంటుంది, దాన్ని ఏఏసీ 160 కిలోబిట్లుగా మారిస్తే సరిపోతుంది. సినిమా డిస్కులోని 5.1 డాల్బీ శబ్దం కావాలంటే ‘పాస్‌త్రూ’ ఎంచుకోవాలి. లేదంటే ఆరు ఛానెళ్లు రెండుగా కుదించుకుపోవచ్చు.

ఐదోది ఫైలు రకం. టీవీ, ఫోన్, వాట్సాప్ అన్నిచోట్లా ఆడాలంటే హెచ్.264 వీడియోతో ఎంపీ4. రెండు మూడు ఆడియో ట్రాకులు, సబ్‌టైటిళ్లు కావాలంటే ఎంకేవీ. డీవీడీ సబ్‌టైటిళ్లు అక్షరాలు కావు, బొమ్మలు. ఎంపీ4లో వాటిని చాలా ప్లేయర్లు చూపలేవు. హెచ్.265తో సైజు మరింత తగ్గినా పాత టీవీలు దాన్ని ఆడించలేవు. డీవీడీ ఫైళ్లు ఎలాగూ చిన్నవే కాబట్టి ఆ ఆదా కోసం ఇబ్బంది పడనక్కర్లేదు.

మొత్తం మార్చడానికి ముందు ఒక్క నిమిషం ముక్కను పరీక్షించాలి. హ్యాండ్‌బ్రేక్‌లో చాప్టర్లకు బదులు సెకన్లు ఎంచుకుని, 600 నుంచి 660 దాకా అని ఇస్తే ఆ నిమిషమే మారుతుంది. కదలిక ఉన్నది ఒకటి, చీకటిగా ఉన్నది ఒకటి తీసుకుంటే సెట్టింగులు కుదిరిందీ లేనిదీ పది నిమిషాల్లో తేలిపోతుంది.

గీతలు పడిన డిస్కు

స్టూడియో రాసిన డిస్కులో సమాచారం ఉండేది పల్చటి రంగు పొరలో. ఎండ, వేడి, తేమ ఆ పొరను మెల్లగా పాడుచేస్తాయి. పెళ్లి ఫొటో అచ్చువేసి అతికించిన స్టిక్కర్ ఒక పక్కకు లేస్తే డిస్కు తిరిగేటప్పుడు ఊగుతుంది, డ్రైవ్ చదవలేకపోతుంది.

మొదట డిస్కును శుభ్రం చేయాలి. మెత్తటి బట్టను కాస్త తడిపి, మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవాలి. గుండ్రంగా తుడిస్తే పడే గీత ట్రాకు వెంబడే సాగి, డ్రైవ్ సరిదిద్దుకోలేనంత పొడవున సమాచారాన్ని కప్పేస్తుంది. ఆ తర్వాత వేరే డ్రైవ్‌లో పెట్టి చూడాలి. ఒక డ్రైవ్ చదవలేనిదాన్ని మరొకటి చదవడం మామూలే.

అప్పటికీ కాకపోతే జీఎన్‌యూ డీడీరెస్క్యూ ఉంది. ఇది లైనక్స్‌లో నడిచే ఓపెన్ సోర్స్ సాధనం. మామూలు కాపీ మొదటి చెడ్డ చోటనే ఆగిపోతుంది. డీడీరెస్క్యూ ఆ చోటును గుర్తు పెట్టుకుని ముందుకు పోతుంది, బాగున్న భాగాలన్నీ తెచ్చాక వెనక్కి వచ్చి చెడ్డ చోట్లను మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. ఏది వచ్చింది, ఏది రాలేదు అన్న పట్టికను మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది కాబట్టి, డిస్కును మరో డ్రైవ్‌లో పెట్టి మిగిలిన చోట్లను మాత్రమే చదివించవచ్చు. పెళ్లి డిస్కు రెండో కాపీ బంధువుల ఇంట్లో ఉంటే అదే మ్యాప్‌తో దాని నుంచి కూడా ఖాళీలు పూరించే వీలుంది, రెండూ ఒకే రాతతో తయారైన నకళ్లయితేనే. చివరికి వచ్చిన ఐఎస్ఓను హ్యాండ్‌బ్రేక్‌కు ఇస్తే, అక్కడక్కడ బొమ్మ చెదిరినా మిగతా వీడియో దక్కుతుంది.

చట్టం ఏం చెబుతుంది

సొంత వేడుక వీడియోను సొంత ఇంట్లో దాచుకోవడానికి మార్చుకుంటే సాధారణంగా ఎవరికీ అభ్యంతరం ఉండదు. సినిమా డీవీడీల సంగతి వేరు. సీఎస్ఎస్ తాళం 40 బిట్లదే. 1999లో డీసీఎస్ఎస్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో దాని గుట్టు రట్టయింది. ఆ కేసులో నార్వే యువకుడు యోన్ లెక్ యోహాన్సెన్‌ను అక్కడి కోర్టులు 2003లో నిర్దోషిగా తేల్చాయి. అన్ని దేశాల్లోనూ చట్టాలు అంత ఉదారంగా లేవు. అమెరికాలో 1998 నాటి డీఎంసీఏ చట్టం ప్రకారం తాళం తీయడమే చట్టవిరుద్ధం. కొన్న డిస్కును ఇంట్లో చూసుకోవడానికి ఫైలుగా మార్చుకునే మినహాయింపు అడిగితే అక్కడి అధికారులు 2015లో నిరాకరించారు. అమెరికాలో ఉండే తెలుగువారు ఇది గుర్తుంచుకోవాలి.

భారతదేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టానికి 2012లో 65ఏ సెక్షన్ చేరింది. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో రక్షణ ఏర్పాటును ఛేదిస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా ఉంటాయి. ఇక్కడ ఉద్దేశానిదే ప్రధాన స్థానం. తాళం తీసి తయారుచేసిన సినిమా ఫైలును పంచినా, అమ్మినా, యూట్యూబ్‌లో పెట్టినా ఆ ఉద్దేశం గురించి వాదించుకోవడానికి ఏమీ మిగలదు. పెళ్లి వీడియోలో స్టూడియో కలిపిన సినిమా పాటలకూ కాపీరైట్ ఉంటుంది. ఇంట్లో చూసుకుంటే ఇబ్బంది రాదు, యూట్యూబ్‌కు ఎక్కిస్తే ఆ పాటల దగ్గర శబ్దం ఆపేయడమో, వీడియోను అడ్డుకోవడమో జరగవచ్చు.

పని ముగిసినట్టు ఎప్పుడు

ఫైలు తయారైందన్న సందేశం వచ్చినంత మాత్రాన పని పూర్తికాదు. ముందు నిడివి చూడాలి. వీఎల్‌సీలో డిస్కు టైటిల్ చూపే సమయం, ఫైలు చూపే సమయం ఒకటి కావాలి. తర్వాత మొదలు, మధ్య, చివర మూడు చోట్ల ఆడించాలి. పెదవుల కదలికకూ మాటకూ పొంతన తప్పితే అది చివర్లోనే ఎక్కువగా బయటపడుతుంది. మెనూలో ఉన్న తంతులన్నీ ఫైళ్లలో ఉన్నాయో లేదో లెక్క చూసుకోవాలి.

పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీలో చూడాలనుకుంటే మరో సంగతి ఉంది. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో 4 జీబీకి మించిన ఒక్క ఫైలు పట్టదు, ఖాళీ ఎంత ఉన్నా ‘ఫైలు చాలా పెద్దది’ అంటుంది. కుదించిన ఎంపీ4కు ఈ బెడద రాదు. నకలుగా తీసిన ఎంకేవీకి, ఐఎస్ఓకు వస్తుంది. అప్పుడు పెన్‌డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్‌గా మార్చుకోవాలి, మారిస్తే అందులో ఉన్నవి చెరిగిపోతాయి కాబట్టి ముందే తీసిపెట్టుకోవాలి.

ఫైలు పేరులో సంవత్సరం, నెల, వేడుక, ఎవరిది, ఎన్నో డిస్కు అన్నవి ఆ వరుసలో ఉంటే వెతకడం తేలిక. నకలు రెండు హార్డ్‌డిస్క్‌లలో, వీలైతే రెండు ఇళ్లలో ఉండాలి.

మొత్తం మీద ఎంపిక ఇలా తేలుతుంది. స్టూడియో రాసిన డిస్కు బాగా ఉంటే ఫోల్డర్ కాపీ, ఆపైన హ్యాండ్‌బ్రేక్. టైటిళ్లు విడివిడి ఎంకేవీలుగా కావాలంటే మేక్‌ఎంకేవీ, వాటిని అతకడానికి ఎంకేవీటూల్‌నిక్స్. డిస్కు దెబ్బతింటే డీడీరెస్క్యూ, ఆపైన హ్యాండ్‌బ్రేక్. డిస్కులు వందల్లో ఉంటే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్. వీసీడీ అయితే డాట్ ఫైలు కాపీ, ఆపైన ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్. వీటన్నిటికీ పరీక్ష చేసేది వీఎల్‌సీ. పరీక్షలో నెగ్గిన నకలు రెండు చోట్ల చేరేదాకా అసలు డిస్కును పారేయకూడదు.